బాపు బుల్లెట్‌కు ఎంత బలం కావాలె?

“ముందుగాల ఒక్క మాట చెప్పు బేటా. ఈ బండి మీద నువ్వు ఎక్కడికి పోతవు?”

గోదావరిఖనిలో ఓ సందు చివర రేకుల షెడ్డు. అందులో అరవై దాటిన ఉస్తాద్. ఆయన ముందు నేనో కాగితం పెట్టాను. అందులో మొత్తం పదకొండు పనులు రాసి ఉన్నాయి. 500 సీసీ కిట్టు, హై కంప్రెషన్ పిస్టన్, పెద్ద కార్బొరేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్... ఇట్లా. రెండు నెలలు యూట్యూబ్ ముందు కూచుని తయారు చేసుకున్న జాబితా అది. ఉస్తాద్ ఆ కాగితం వంక చూడనేలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, సాసర్‌లో టీ పోసుకుని తాగుతూ కూచున్నాడు.

నా దగ్గర జవాబు లేదు. బండికి ఏమేం పెట్టాలో తెలుసుగానీ, దాంతో ఏం చేయాలో నేను ఆలోచించలేదు. పాత బండిని బాగు చేయించాలనుకునే చాలామంది పరిస్థితి ఇదేనని తర్వాత అర్థమైంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

చిట్టీ ఎత్తి కొన్న బండి

మాది 1972 మోడల్ బుల్లెట్ 350. మా బాపు దాన్ని 1986లో, రిటైరై సొంతూరికి పోతున్న ఓ ఓవర్‌మ్యాన్ దగ్గర కొన్నాడు. చిట్టీ ఎత్తిన డబ్బులకు ఇంకొంత అప్పు కలిపి కట్టాడు. సింగరేణిలో ఆయన హాలేజ్ ఫిట్టర్. భూమి లోపలి నుంచి బొగ్గు టబ్బుల్ని తాడుతో పైకి లాగే ఇంజిన్ల బాగోగులు చూడడం ఆయన పని. ఫస్ట్ షిఫ్టు ఉన్న రోజు ఆరున్నరకల్లా బండి బయటికి తీసేవాడు. ఆ చప్పుడుకు మా లైన్‌లో క్వార్టర్ల వాళ్లు టైము తెలుసుకునేవారు. మా అవ్వ మాత్రం “మొగడు డ్యూటీకి పోతున్నడని ఊరంతటికి దండోరా ఏంది” అని నవ్వేది.

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండ్‌లో. మన సైన్యానికి అవసరమని తెప్పించుకున్నారు. 1955లో మద్రాస్ మోటార్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ కట్టారు. ఇంగ్లండ్‌లో కంపెనీ 1970 నాటికి మూతపడింది, మన దగ్గర మాత్రం అదే ఇనుప సిలిండర్ ఇంజిన్ చిన్న చిన్న మార్పులతో నలభై ఏళ్లకు పైగా తయారైంది. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. గేరు ఒకటి పైకి, మూడు కిందికి. కొత్త బండి నడిపినవాళ్లు దానిమీద ఎక్కితే, బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు.

నా చిన్నతనమంతా ఆ ట్యాంకు మీదే గడిచింది. బాపు ముందర కూచోబెట్టుకుని గోదావరి బ్రిడ్జి దాకా తీసుకుపోయేవాడు. నీళ్లు చూపించి మళ్లీ తెచ్చేవాడు. ఎన్నడూ అరవై దాటించలేదు.

ఆ మే నెల మధ్యాహ్నం

2011లో నాకు ఇరవై ఏడేళ్లు. చేతిలో ఉద్యోగం, జేబులో డబ్బులు. బాపు బండి నాకు ముసలిదై కనిపించింది. వేరే ఊళ్లో ఓ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి, సిలిండర్ బోరు చేయించి హై కంప్రెషన్ పిస్టన్ పెట్టించాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, బయటికి కనిపించే గుండ్రటి ఫిల్టర్ తగిలించాను. లోపల అడ్డు లేని సైలెన్సర్ పెట్టాను. చప్పుడు అదిరిపోయింది. బండి నిజంగానే ఉరికింది.

మే నెలలో ఓ మధ్యాహ్నం కరీంనగర్‌లో పెళ్లి. బాపును వెనక కూచోబెట్టుకుని బయల్దేరాను. రామగుండం ఎండ సంగతి తెలిసిందే కదా. మేలో 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. పెద్దపల్లి దాటాక రాజీవ్ రహదారి ఖాళీగా కనిపించింది. ఎనభై దాటించాను. చేతికింద బండి బరువెక్కినట్టు అనిపించింది. రేసు ఇంకా ఇచ్చాను. ఒక్కసారి ‘కీచ్’మంది. ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. క్లచ్ పట్టుకోవాలని నాకు తట్టేలోపే ఇద్దరం రోడ్డు మీదున్నాం.

వెనక లారీ లేకపోవడం మా అదృష్టం. నాకు గీరుకుపోయిన గాయాలు. బాపుకు మోచేయి విరిగింది. ఆయన రిటైర్మెంటుకు ఇంకో ఏడాదే ఉంది. సర్వీసు మొత్తంలో అన్ని రోజులు డ్యూటీకి పోకపోవడం అదే మొదటిసారి. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బండి క్వార్టర్ వరండాలో తాడిపత్రి కిందికి చేరింది. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి వచ్చాం. బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి అదే తాడిపత్రి మళ్లీ కప్పాం. అట్లా పన్నెండేళ్లు. 2023 వానాకాలంలో ఓ రోజు బాపే అడిగాడు. “దాన్ని అమ్ముతవా, నడుపుతవా? గట్ల తుప్పు పట్టవడితే పాపం తగుల్తది.”

ఎందుకు పట్టేసింది?

ఉస్తాద్ ఇంజిన్ విప్పి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. రెండు పక్కలా అల్యూమినియం కరిగి గీసుకుపోయింది. సిలిండర్ గోడకు ఆ తెల్లటి లోహం అంటుకుని ఉంది. అప్పుడు చేసిన తప్పులు ఒక్కొక్కటే విప్పి చెప్పాడు.

సిలిండర్ ఇనుము, పిస్టన్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే రెండింటి మధ్య అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచే సందు వదలాలి. దీన్నే లేత్ షాపుల్లో ‘థౌ’ లెక్క అంటారు. కొత్త పిస్టన్‌కు ఆ సందు తక్కువైతే, చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది. వేడెక్కితే పట్టేస్తుంది.

రెండోది గాలి లెక్క. ఫిల్టర్ డబ్బా తీసేసి, సైలెన్సర్ ఖాళీ చేస్తే ఇంజిన్ లోపలికి గాలి ఎక్కువ పోతుంది. దానికి తగ్గట్టు కార్బొరేటర్‌లో జెట్ పెద్దది వేయాలి. మేం వేయలేదు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. దాంతో మంట వేడి పెరిగింది. దానికి తోడు కంప్రెషన్ పెంచాం. పాత బుల్లెట్‌లో కంప్రెషన్ ఆరున్నరకు ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాలపు పెట్రోలుకు, గాలితో చల్లబడే ఇనుప సిలిండర్‌కు సరిపోయేలా పెట్టిన లెక్క అది. 45 డిగ్రీల ఎండలో ఇద్దర్ని మోస్తూ ఎనభై మీద పోవడానికి కాదు.

మూడోది మా ఊరి దుమ్ము. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద ఆ గుండ్రటి ఫిల్టర్ జల్లెడతో సమానం. పిస్టన్ రింగుల సందుల్లో నల్లటి పొడి గరుకుగా చేతికి తగిలింది.

హాలేజ్ లెక్క

ఆ సాయంత్రం నా పదకొండు పనుల కాగితం బాపుకు చదివి వినిపించాను. 500 సీసీ కిట్టు దగ్గర ఆపాడు.

“బలం పెంచుతవు సరే. ఆపేటిది ఏది?”

నాకు అర్థం కాలేదు. బాపు చెప్పాడు. “మా బాయిల హాలేజ్ ఉంటది. తాడు సూడకుంట టబ్బులు పెంచితే ఏమైతది? ఇంజిన్ గుంజుతది. తాడు తెగుతది. టబ్బులు ఎనుకకు ఉరుకుతయి. ఎవని మీదికి ఉరుకుతయో దేవునికే ఎరుక. అందుకే ముందుగాల తాడు, తర్వాత బ్రేకు, తర్వాత రోలర్లు. ఇంజిన్ సంగతి ఆఖరుకు.”

నలభై ఏళ్ల కింద ఇంగ్లిషులో ఒక్క పుస్తకం చదవకుండా ఆయన నేర్చుకున్న ఇంజనీరింగ్ ఇది. మర్నాడు ఉస్తాద్‌కు ఈ మాట చెబితే “మీ బాపును ఇక్కడ కూచోబెట్టు, నేను ఇంటికి పోత” అన్నాడు. ఆయన ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఈ బండి మీద నేను ఎక్కడికి పోతాను? బాపును వెనక కూచోబెట్టుకుని మంథని దాకా, ఓపిక ఉంటే కాళేశ్వరం దాకా. యాభై, అరవై స్పీడులో. దారిలో ఆగిపోకుండా. అంతే. ఈ జవాబు చేతిలో పెట్టుకుని కాగితం మళ్లీ చదివితే, సగం పనులు వాటంతటవే కొట్టుకుపోయాయి.

కాగితం మీద ఏది ఉంది, ఏది పోయింది?

500 సీసీ కిట్టు: బుల్లెట్ 350లో బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. లెక్కగడితే 346 సీసీ. స్ట్రోకు అట్లాగే ఉంచి బోరు 84 చేస్తే 499 సీసీ. వినడానికి సులువే. కానీ పెద్ద సిలిండర్ కూచోవాలంటే కింద క్రాంక్ కేసు నోరు లేత్ మీద పెద్దది చేయాలి. ఒకసారి కోసిన లోహం మళ్లీ రాదు. ఇంజిన్ నంబరు ఉన్నది ఆ కేసు మీదే. పైగా క్లచ్, గేరుబాక్సు, బ్రేకులు 18 హార్స్ పవర్ ఇంజిన్‌కు చేసినవి. కొట్టేశాం.

హై కంప్రెషన్ పిస్టన్: దీని గురించి ఇంకా చెప్పాలా? మామూలు పిస్టనే, 40 థౌ ఓవర్‌సైజ్. పాత గీతలు పోవడానికి అంత బోరింగ్ తప్పలేదు. దీనివల్ల సీసీ ఎంత పెరిగిందో తెలుసా? పది. 346 కాస్తా 356 అయింది. ‘బోరు చేయిస్తే పవర్ పెరుగుతుంది’ అని నమ్మేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. బోరింగ్ అరుగుదలకు మందు మాత్రమే. ఈసారి పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు సిలిండర్ బోరు చేయించాం. సందు కొలిచేటప్పుడు ఉస్తాద్ నన్ను పక్కనే నిలబెట్టుకున్నాడు.

వాల్వు సీట్లు: ఇది నా కాగితంలో లేదు, ఉస్తాద్ కలిపాడు. మా బండి పుట్టిన కాలంలో పెట్రోలులో సీసం ఉండేది. అది వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తలాగా పనిచేసేది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగిపోయింది. మెత్తటి పాత సీట్లు అప్పట్నుంచీ తొందరగా అరుగుతాయి. ఎగ్జాస్టు వైపు గట్టి సీటు వేయించాం. బయటికి ఏమీ కనిపించదు. డబ్బు దండగ కాని మార్పు అంటే ఇది.

ఆయిల్ పంపు: బుల్లెట్‌లో రెండు చిన్న పంపులుంటాయి. ఒకటి ఆయిల్‌ను క్రాంక్‌కు పంపుతుంది, ఇంకోటి వెనక్కు తెస్తుంది. పాత ఇంజిన్లో కనెక్టింగ్ రాడ్డు పెద్ద చివర ఉండేది బేరింగ్ కాదు, బుష్. ఆయిల్ ఉన్నంతసేపే దాని ప్రాణం. ఎక్కువ ఆయిల్ పంపే పంపులు దొరుకుతున్నాయి. పాత చోటులోనే కూచుంటాయి, వద్దనుకుంటే పాతవి మళ్లీ పెట్టుకోవచ్చు. వేయించాం. బుష్ బాగానే ఉందని ఉస్తాద్ తేల్చాడు గనుక రోలర్ బేరింగ్ రాడ్డు జోలికి పోలేదు.

ఇగ్నిషన్: ఎలక్ట్రానిక్ పెడితే పాయింట్ గొడవ ఉండదు, స్టార్టింగ్ బాగుంటుంది. నిజమే. కానీ దొరికే కిట్లలో ఎక్కువ 12 వోల్టులవి. మా బండి 6 వోల్టులది. ఒకటి మారిస్తే బ్యాటరీ, కాయిల్, బల్బులు అన్నీ మారాలి. పైగా మంథని రోడ్డు మీద పాయింట్ చెడితే గరుకు కాగితంతో రుద్దుకుని ఇంటికి రావచ్చు. ఎలక్ట్రానిక్ డబ్బా చెడితే నెట్టుకుంటూ రావాలి. కొత్త పాయింట్, కొత్త కండెన్సర్, మొత్తం కొత్త వైరింగ్ వేసి ఊరుకున్నాం.

కార్బొరేటర్, ఫిల్టర్, సైలెన్సర్: మూడూ కంపెనీ పద్ధతికే వెనక్కు తెచ్చాం. ఫిల్టర్ డబ్బా పాత ఇనుప సామాన్ల షాపులో దొరికింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కదా. అది పాత రబ్బరును, కార్కును తొందరగా పాడు చేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. అందుకని పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు కొత్త రకంవి వేశాం. బండి నెల రోజులు నడవదనుకుంటే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేస్తున్నాం.

స్ప్రాకెట్: ఇది ఉస్తాద్ మార్కు మార్పు. ముందు స్ప్రాకెట్‌కు 16 పళ్లుంటే 17 వేశాడు. అదే స్పీడులో ఇంజిన్ ఆరు శాతం దాకా తక్కువ తిరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు కొంచెం ముందుగా మార్చాలి. ఇంజిన్‌ను ముట్టకుండానే ఇంజిన్‌కు విశ్రాంతి. ఖర్చు కూడా వందల్లోనే.

ఇక బాపు చెప్పిన ‘తాడు’. బ్రేకు డ్రమ్ములు లేత్ మీద సాపు చేయించి కొత్త లైనర్లు, కొత్త కేబుళ్లు వేశాం. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు. మొత్తం 41 వేలు అయింది. నా కాగితం ప్రకారం పోతే ఒక్క 500 కిట్టుకే దాదాపు అంత అయ్యేది.

వింటేజ్ నంబరా, మామూలు నంబరా?

ఇక్కడే ఇంట్లో అసలు చర్చ మొదలైంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ ప్లేటు చూస్తే నాకు ఆశ పుట్టింది.

అయితే ఒక షరతు ఉంది. వింటేజ్ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో తీయవచ్చు. ఇది విన్న బాపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “గంత చేయించి అద్దాల బీరువల పెడ్తవా?”

దాంతో తేలిపోయింది. మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించాం. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించాలి. మాది ఎప్పుడో గడువు దాటింది. జరిమానా, హరిత పన్ను కట్టి, బండి తీసుకుపోయి చూపించాం. అధికారి మొదట చూసింది ఇంజిన్ నంబరే. కేసు కోయించకపోవడం ఎంత మంచిదైందో అక్కడ తెలిసింది.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసి ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే అడ్డం పడుతుంది.

ఆమ్మీటర్ ముల్లు

మొదటి ఐదు వందల కిలోమీటర్లు యాభై దాటకుండా ఒక్కడినే తిప్పాను. ఆయిల్ మార్చి, హెడ్ నట్లు మళ్లీ బిగించాక, 2024 జనవరిలో ఓ ఉదయం బాపును రమ్మన్నాను. స్వెటరు వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని, హెల్మెట్ పట్టుకుని ముందే రెడీగా ఉన్నాడు.

కిక్కు కొట్టబోతుంటే చేయి అడ్డం పెట్టాడు. “గట్ల కాదు. ముల్లు సూడు.” హెడ్‌లైటు మీద ఆమ్మీటర్ చూపించాడు. కిక్కర్ మెల్లగా నొక్కుతుంటే ముల్లు ఓ పక్కకు వాలి, ఒక చోట నడిమధ్యకు వచ్చి ఆగుతుంది. అంటే పాయింట్ విడిపోయింది, పిస్టన్ పైకొచ్చింది. అప్పుడు డీకంప్రెసర్ పట్టి ఓ ఇంచు దాటించి, వదిలేసి, ఒక్క తన్ను. నా మోకాలు పన్నెండేళ్ల కింద ఎన్ని తన్నులు తిన్నదో! ఈ కిటుకు ఆయన అప్పుడెందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు అడిగినవా?” అన్నాడు.

ఒక్క తన్నుకే బండి అందుకుంది. పాత చప్పుడు. పక్కింటాయన గేటు దాకా వచ్చి చూశాడు. ఎన్టీపీసీ పొగగొట్టాలు మంచులో సగమే కనిపిస్తున్నాయి. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ల బండ్లు ఎదురొస్తున్నాయి. మంథని రోడ్డెక్కాక యాభై ఐదు దగ్గర చేయి ఆపేశాను. బాపు ఎడమ చేయి నా భుజం మీద ఉంది. విరిగి అతికిన చేయి అదే. పెద్దపల్లి దాటిన ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన నా వెనక బండెక్కడం ఇదే మొదటిసారి.

మంథనిలో గోదావరి ఒడ్డున ఆగాం. టీ తాగుతూ బాపు వంగి ఇంజిన్ దగ్గర చెవి పెట్టాడు. ఏమంటాడోనని చూస్తున్నాను.

“టాపెట్ జర సప్పుడైతుంది. రేపు ఉస్తాద్‌కు సూపియ్యి,” అన్నాడు. “ఇంకో నెలకు కాళేశ్వరం పోదాం.”

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే...

* సామాన్లు కొనేముందు, ఆ బండి మీద ఎక్కడికి, ఎంత స్పీడులో, ఎందరు పోతారో కాగితం మీద రాసుకోండి.

* ముందు బ్రేకులు, టైర్లు, వైరింగ్. తర్వాత ఆయిల్, వాల్వులు. బలం పెంచడం ఆఖరున.

* మళ్లీ విప్పి పాతది పెట్టుకోగలిగే మార్పే మంచి మార్పు. లోహం కోసే పని అయితే నెల రోజులు ఆలోచించండి.

* తీసేసిన పాత సామాన్లు అమ్మకండి. ఓ డబ్బాలో ఆయిల్ రాసి దాచండి.

* గాలి దారి మారిస్తే జెట్ కూడా మార్చాలి. దుమ్మున్న ఊళ్లో కంపెనీ ఫిల్టర్ తీసేయకండి.

* నడుస్తుండగా ఇంజిన్ బరువెక్కినట్టనిపిస్తే రేసు ఇవ్వకండి. వెంటనే క్లచ్ పట్టి పక్కకు ఆపండి.

* ఆ బండిని ముందు నడిపిన మనిషి ఇంట్లో ఉంటే, ముందు ఆయన్ని అడగండి.